గాలి ఆడే చోటు

మే 4, ఆదివారం

మళ్లీ లేచి చూశాను. ఆరిపోయే ఉంది. ప్లగ్గు కూడా పీకి ఉంది. పీకింది నేనే. అయినా చెయ్యి పెడితే వెచ్చగా ఉంది… ఇంత సేపైనా. పెనం మీంచి దించిన జొన్నరొట్టె లెక్క.

రేడియోలు బాగుచేసే యూసుఫ్ భాయ్ ఇచ్చి నెల కాలేదు. పాతకాలపు యాంప్లిఫైర్, పెండ్లిళ్లలో మైకుసెట్టు వాళ్లు పెట్టేది. వెనుక జాలీలోంచి చూస్తే నాలుగు గాజు బుడ్లు, వాల్వులట. ఎర్రగా వెలుగుతాయి, కందీలు దీపం వత్తి తగ్గించినట్టు. ఇక్కడ మైకులో నేను మాట్లాడితే, అక్కడ మా ఆయన మంచం పక్కన స్పీకర్‌లో నా గొంతు.

నలభై ఏండ్లు సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల చప్పుడుకే చెవులు పోయాయి. డాక్టరు చెవిలో పెట్టుకునే మిషన్ ఇస్తే, ఈల వేస్తుందని డబ్బీలో పెట్టాడు. సాంచాల కాడ మేమంతా పెదవులు చూసే మాట్లాడుకుంటాం కాబట్టి ఇప్పుడూ నా పెదవులు చూసి అన్నీ తెలుసుకుంటాడు. అయినా ఒకరోజు యూసుఫ్ భాయ్‌తో అన్నాడు — "దీని మాట తెలుస్తది భాయ్. గొంతే… యాదికొస్తలేదు."

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చేతిలో పని ఆగుతుంది.

మే 5, సోమవారం

దూది నూగు. మా సాంచాలు ఆగినా పక్కింటివి ఆగలేదు. గోడ దాటి వచ్చి పడుతుంది. అందుకే మా ఇండ్లలో అన్నిటికీ బట్ట తొడుగులే. టీవీకి గలీబు, మిక్సీకి గలీబు, కుట్టుమిషన్‌కు గలీబు. "మీ ఇంట్ల చీమకు సుత గలీబు కుడ్తవే అవ్వా" అంటుంది బోథ్‌లో కాపురమున్న బిడ్డ స్వరూప.

ఈ రోజు యాంప్లిఫైర్‌కూ కుట్టాను. మా సాంచా మీద ఆఖరున దిగిన బట్ట, ఎర్ర అంచు. తొడిగి చూస్తే పెండ్లిపిల్ల లెక్క ఉంది.

మే 7, బుధవారం

వాసన.

మే 8, గురువారం

నిన్న రాయలేకపోయాను.

మధ్యాహ్నం మైకులో ఏవో మాటలు చెబుతున్నాను. చిన్నప్పుడు చొప్పదండి అంగట్లో తప్పిపోయిన ముచ్చట. ఆయన వింటూ వింటూ కునికాడు. కిటికీలోంచి నూగు పడుతుంటే గలీబు తొడిగాను. స్విచ్చి ఆపలేదు. ఎట్లా మరిచానో… వచ్చి పక్క అర్రలో ఒరిగాను. కలలో మా అవ్వ నూలు గంజిపెట్టి ఎండకు ఆరేస్తోంది. ఎండ ఎక్కువై నూలు కమురుతోంది. తియ్యవే తియ్యవే అంటోంది. లేచాను. వాసన కలది కాదు.

స్విచ్చి ఆపి, గలీబు ఊడబెరికి కొంగు కింద దాచాను. అరచేయి అంత మరక, నడిమిట్ల చిల్లు. అప్పుడే ఆయన లేచాడు. ముక్కు ఎగబీలుస్తూ వచ్చి యాంప్లిఫైర్ మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాడు. నూగుతో, నూలుతో నిండిన కొంప. ఒక్క రవ్వ చాలు.

దానంతట అదే కాలిందనుకున్నాడు. ముసలిదైంది, తిరిగి ఇచ్చేద్దాం అన్నాడు.

నేను కొంగు సర్దుకుని వంటింట్లోకి పోయాను.

మా సాంచాల షెడ్డులో పనికొచ్చిన ప్రతి మనిషికీ ఆయన మొదట చెప్పే మాట — మోటర్ మీద బట్ట వెయ్యొద్దు, దానికి ఊపిరాడాలె. నలభై ఏండ్లు ఆ పెదవుల మీద చూసిన మాట. బియ్యం డబ్బా వెనుక దాచాను గలీబు.

మే 10, శనివారం

ఇద్దరం కరీంనగర్ పోయాం, యూసుఫ్ భాయ్ దుకాణానికి. బస్సులో యాంప్లిఫైర్‌ను గోనెసంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. బరువు. చంటిపిల్లను దవాఖానకు తీసుకుపోతున్నట్టే ఉంది. కిటికీ అవతల గ్రానైటు బండలు, ఎండలో నీళ్లలా కదులుతూ…

యూసుఫ్ భాయ్ మూత తీసి బ్రష్‌తో నూగు దులిపాడు. బుడ్లు వెలిగించాడు. లోపల ఏమీ కాలేదట.

"దీన్ని ఎవలన్న మూసిన్రా?"

మా ఆయన అటు తిరిగి ఉన్నాడు, ఆ పెదవులు చూడలేదు. యూసుఫ్ భాయ్ నన్ను చూశాడు. నేను రోడ్డు మీద ఆటోలను చూశాను.

యూసుఫ్ భాయ్ మళ్లీ అడగలేదు. మంచి మనిషి. నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. చుట్టూ జానెడు జాగా ఉండాలి. మీద ఏమీ ఉండొద్దు, అడుగున బొక్కలు మూసుకోవద్దు. అల్మారాలో పెట్టొద్దు. కదలని, గట్టి దాని మీద పెట్టాలి. వానజల్లు తగలొద్దు. "వేడెక్కుడు దాని గుణమమ్మా. ఆ వేడి బయటికి పోయేటందుకు తొవ్వ ఉండాలె, గంతే."

ఈయనకు పెదవులతో అంతా మళ్లీ చెప్పాను. ఆ ఒక్క ప్రశ్న, లోపల ఏమీ కాలేదన్న మాట తప్ప. విని, మిరుగం దాకా చూద్దాం, మంచి జాగా దొరకకుంటే నువ్వే తీసుకపో భాయ్ అన్నాడు.

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగానికి ఇంకా నెల కూడా లేదు.

మే 11, ఆదివారం

స్వరూపకు ఫోన్. షోకేసులో పెట్టి అద్దం మూయమంటుంది, నూగు పడదట. నా బిడ్డే కదా.

మే 13, మంగళవారం

గాలి కంటికి కనబడదు కదా. చెయ్యి పెట్టి చూస్తే నా చేతి మీదే నాకు నమ్మకం లేదు.

గాలి ఆడే చోటు తెలిసేందుకు నూలు కండెలోంచి ఒక పోగు తీసి, షోకేసులో వేలాడదీశాను. కదల్లేదు. గోడలో గూట్లో కట్టాను, కదల్లేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి లెక్క. సజ్జ మీద కట్టబోయి స్టూలు ఎక్కి భయమై దిగాను. అక్కడ రేకుల వేడి వేరే.

ఫ్రిజ్జు మీద కదిలింది! సంబరపడ్డాను. చెయ్యి పెడితే ఫ్రిజ్జే వేడి. అది తన వేడికే తను ఊగుతోంది.

మే 16, శుక్రవారం

దేవుని అర్ర. పోగు బాగా ఊగుతుంది. కానీ దీపం, నూనె, అగరుబత్తి… వద్దు వద్దు. గ్యాసు కట్టేశానా? పోయి చూసి వచ్చాను. కట్టే ఉంది.

మే 19, సోమవారం

పగటి నిద్రలో కల. ఇల్లంతా పోగులు. దూలాల నుంచి, తలుపుల నుంచి, చిలక్కొయ్యల నుంచి. ఇల్లే ఒక పడుగు. నేను మధ్యలో నడుస్తున్నాను. నడుస్తూ ఏదో అంటున్నాను, నా మాట తాకిన పోగు తాకినట్టు ఊగుతోంది. అటు చివర ఆయన కూర్చొని, ఆ కొసలు వేళ్లకు చుట్టుకుని వింటున్నాడు.

లేచాక చాలాసేపు మంచం దిగలేదు. ఎవరో నా మీద చల్లని గంజిబట్ట కప్పినట్టు హాయి.

తరువాత బియ్యం డబ్బా కనబడింది.

మే 22, గురువారం

పోగులు ఆయన కంట పడ్డాయి. బూజు అనుకుని చీపురు తెచ్చాడు. దగ్గరకు వచ్చి చూసి, ఒకటి పట్టుకుని, ఇంకోటి చూసి… అర్థమైంది. ఎన్నాళ్లకు నవ్వాడో.

"ఏందే, గాలిని నేస్తున్నవా?"

చీపురు పక్కన పెట్టాడు. ఒక్కటీ తెంపలేదు.

మే 27, మంగళవారం

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఎక్కడా ఒక్క పోగు కదలదు. యాంప్లిఫైర్ గోనెసంచిలో ఉంది. ఇరవై రోజులాయె ఆయన నా గొంతు విని. మళ్లీ మరిచిపోయి ఉంటాడా? అడగలేను. అడిగినా పెదవులతోనే కదా అడగాలి.

జూన్ 1, ఆదివారం

దొరికింది.

తెల్లారి షెడ్డులో నీళ్లు చల్లుతుంటే తడి చేతికి గాలి చల్లగా తగిలింది. తలుపుకూ కిటికీకీ నడుమ. అక్కడ కండెల ర్యాకు. ఇనుప చువ్వలది, నాలుగు వైపులా, కిందా మీదా అంతా సందులే. పోగు కట్టాను. పొద్దంతా ఊగింది. కిటికీ మీది రేకు ముందుకు ఉంది, జల్లు కూడా రాదు.

కానీ ఆ ర్యాకు నిండా కండెలు. సాంచా ఆగిన రోజు ఎట్లున్నవో అట్లనే. ఎవరినీ ముట్టనియ్యడు. రేపే మోటర్ వేస్తాడన్నట్టు ఉంటాయి.

ఆయనను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పోగు చూపించాను. చూశాడు. ర్యాకు చూశాడు. పోయి చాయ్ తాగాడు.

జూన్ 3, మంగళవారం

ఆయనే తీశాడు. ఒక్కొక్క కండె. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి. ఒక్కొక్కటి నూగు ఊది, సంచిలో పెట్టాడు. నేను సాయం పోలేదు. ఒకటి అంగీ జేబులో వేసుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడు.

ర్యాకు ఒక కాలు ఊగుతుంటే బండపెంకు పెట్టాడు. కిటికీ చువ్వకు తీగతో బిగించి, పట్టి గుంజి చూశాడు. కదల్లేదు. అన్నిటికంటే పై వరుసలో యాంప్లిఫైర్. నా జానతో కొలిచాను — అటు జానెడు, ఇటు జానెడు, వెనుక జానెడు. మీద ఏమీ లేదు. స్పీకర్ వేరే స్టూలు మీద పెట్టాం, అదిరితే దీనికి తగలకుండా. నూగు తుడవడానికి సున్నం బ్రష్. చల్లగా ఉన్నప్పుడే, ప్లగ్గు పీకాకే. మంచం కూడా షెడ్డులోకి వచ్చింది.

జూన్ 5, గురువారం

వెలిగించాం. బుడ్లు మెల్లగా ఎర్రబడ్డాయి. గోడ గడియారం చూసి, గంట గడిచాక చెయ్యి పెట్టాను. వెచ్చగానే ఉంది, కాలదు. పైన దూలానికి కట్టిన పోగు… కింది నుంచి వేడి ఎక్కుతుంటే కొస పైకి లేచి ఈదుతోంది. చేపపిల్ల లెక్క. ఎంతసేపు చూశానో తెలియదు.

మైకులో ఏదో అన్నాను. ఆయన వినలేదు. యాంప్లిఫైర్‌నే చూస్తున్నాడు. పక్కన బిందెడు ఇసుక పెట్టుకున్నాడు.

జూన్ 6, శుక్రవారం

పావుగంట. అంతకంటే ఉంచడం లేదు. ఇదివరకు కండ్లు మూసుకుని వినేవాడు. ఇప్పుడు కండ్లు దాని మీదే. మంచి జాగా దొరికింది కదా అన్నాను, పెదవులతో.

"జాగ మంచిదే. తనంతట తనే కాలినదాన్ని ఎట్ల నమ్మాలె? నువ్వు పక్కర్రల పండుకుంటవు. నాకు ఇనపడది, నీకు మెలుకువ రాది…"

ఆదివారం మిరుగం. యూసుఫ్ భాయ్‌ను రమ్మన్నాడట.

గలీబు ఏదని కూడా అడిగాడు. ఉతికి దాచానన్నాను. పెదవులతో అబద్ధం చెప్పడం ఇంత సులువా.

జూన్ 7, శనివారం

అన్నం సయించలేదు.

జూన్ 8, ఆదివారం. మిరుగం

పొద్దున మిరుగానికి తినే ఇంగువ బెల్లం ఉండ చేసి పెట్టాను. మబ్బు. రేకు మీద నాలుగు చినుకులు. చల్లగాలి షెడ్డంతా తిరుగుతోంది, పోగులన్నీ ఒకేసారి ఊగుతున్నాయి. నా కలలో ఉన్నట్టే. యూసుఫ్ భాయ్ బస్సు ఎక్కానని ఫోన్ చేశాడు. గంటలో వస్తాడు.

పోయి బియ్యం డబ్బా వెనుక నుంచి గలీబు తీసి, ఆయన ఒళ్లో పెట్టాను. చిల్లులో వేలు పెట్టి చూశాడు. నా ముఖం కేసి చూశాడు, పెదవులు కదులుతాయని. నేను కదపలేదు. స్విచ్చి వేసి, బుడ్లు ఎర్రబడేదాకా ఆగి, మైకు తీసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాను. ముఖం చూస్తూ చెప్పలేను.

"ఇగో… అది కాలలే. నేనే కాల్చిన. మీద బట్ట కప్పి స్విచ్చి ఆపలే. నువ్వు చెప్పిన మాటే మరిచిన. దాసిపెట్టిన. దాన్ని పంపకు."

గొంతు షెడ్డంతా మోగింది. పక్కింటి వాళ్లకూ వినపడే ఉంటుంది. పోనీ.

తిరిగి చూశాను. కండ్లు మూసుకుని ఉన్నాడు. యాంప్లిఫైర్‌ను చూడడం లేదు. చేతిలో గలీబు. ఇసుక బిందె కాలికి దూరంగా జరిగి ఉంది, ఎప్పుడు జరిపాడో.

కండ్లు తెరవకుండానే అన్నాడు — "మల్లొక్కసారి చెప్పు."

వినపడలేదా… వినాలనిపించిందా? ఆ ముఖంలో ఏమీ తెలియడం లేదు. బయట బస్సు ఆగిన చప్పుడు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.