నీడ వైపు సీటు

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి సరోజ దణ్ణాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, బాబాయి, పిన్ని బాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మకి దగ్గు తగ్గిందా? తమ్ముడు బడికి వెళ్తున్నాడా, లేక మళ్ళీ కాలవలో ఈతలేనా? అందరి సంగతులూ విడివిడిగా రాయండి. కిందటిసారి లాగా అంతా కులాసా అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి.

మీ ఉత్తరం అందింది. నేను బస్సులో కళ్ళు తిరిగి పడిపోయానని బాబాయి రాశాడటగా. చదువూ వద్దు గిదువూ వద్దు, బాబాయికి సెలవు దొరకగానే వెంటబెట్టుకుని తీసుకురమ్మన్నారు. పడిపోయిన మాట నిజమే. మీకెందుకు రాయలేదంటే, రాస్తే ఇదిగో ఇలాంటి ఉత్తరమే వస్తుందని తెలుసు. జరిగిందంతా వినండి, తరవాత మీ ఇష్టం. ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ చేతికొస్తుంది. ఇప్పుడు వచ్చేస్తే నేను మళ్ళీ కాలేజీ గడప తొక్కడం కల్ల. ఆ సంగతి నాకూ తెలుసు, మీకూ తెలుసు.

ఎండ సంగతి దాచను. ఉగాది వెళ్ళిందో లేదో రాయచూరు పెనంలా కాలుతోంది. ఈ పవర్ స్టేషన్ కాలనీలో ఇంట్లో ఉన్నంతసేపూ బాధ లేదు. కరెంటు పోదు, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆరేసిన బట్టల మీద బూడిద పడుతుంది, దులుపుకుని కట్టుకుంటాం. తంటా అంతా రాయచూరు దాకా కాలేజీకి వెళ్ళి రావడంలోనే. ఊళ్ళన్నిటికీ కరెంటు ఇక్కడినించే పోతుందంటారు గాని, మా బస్సు మాత్రం ఒక్క ఫ్యానుకి కూడా నోచుకోలేదు.

ఖర్చు గురించి మీరు దిగులు పడొద్దు. విద్యార్థుల పాసు ఉంది. బస్టాండు నించి కాలేజీకి టాంగాలుంటాయి గాని మేం ఆడపిల్లలం తడిపిన తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని కోటగోడ నీడనే నడిచిపోతాం. దారిలో చలివేంద్రం ఉంది, కుండనీళ్ళు చల్లగా ఉంటాయి. టాంగా ఎక్కేది పరీక్షలప్పుడే, అదీ నలుగురం కలిస్తేనే. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించండి, నేనింత పొదుపరినని ఆవిడ నమ్మదు.

ఇప్పుడు బస్సు సంగతి. వచ్చిన కొత్తలో మన రేపల్లె బస్సుకి చేసినట్టే కిటికీలోంచి రుమాలు వేసి, కుడివైపు మంచి సీటు పట్టాను. గొప్పగా కూర్చున్నాను. ఇంతలో పెరుగు కుండ చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ వచ్చి లేవమంది. పక్క పల్లె నించి రోజూ రాయచూరుకి పెరుగు అమ్మడానికి వెళ్ళే నరసమ్మ. నేను లేవనని రుమాలు చూపించాను. బస్సంతా నవ్వింది.

“ఏందమ్మా, ఈడ రుమాలేస్తే సీటు గాదు. దినాం వస్తే సీటయితది,” అంది.

ఇక్కడి పద్ధతి అదే నాన్నా. రోజూ వచ్చేవాళ్ళ సీట్లు వాళ్ళవే. వాళ్ళు రావడం ఆలస్యమైనా ఇంకెవరూ కూర్చోరు. నేను మొహం మాడ్చుకుని లేచి ఎడమవైపు వెళ్ళాను. అక్కడ బోలెడు ఖాళీ. ఎందుకు ఖాళీయో సాయంత్రానికి తెలిసింది. పొద్దున బస్సు దక్షిణంగా పోతుంది, తూర్పు ఎండ ఎడమవైపు. సాయంత్రం ఉత్తరంగా తిరిగొస్తుంది, పడమటి ఎండా ఎడమవైపే. రెండు పూటలా సూర్యుడు వచ్చి నా ఒళ్ళోనే కూర్చునేవాడు. పంతానికి పోయి అక్కడే కూర్చుంటూ వచ్చాను. నా పంతం ఎవరి పోలికో మీకు చెప్పక్కర్లేదు.

పడిపోయిన రోజున ల్యాబు ఆలస్యమై అన్నం తినలేదు. తిరిగొచ్చేటప్పుడు బొగ్గు రైలు కోసం గేటు వేశారు. బస్సు ఎండలో నిలబడిపోయింది. అంతవరకే నాకు గుర్తు. కళ్ళు తెరిచేసరికి నా తల నరసమ్మ ఒళ్ళో ఉంది. కుండకి చుట్టే తడిగుడ్డ నా మొహం మీద కప్పింది. “లే బిడ్డా, జర తాగు. కడుపుల ఏం లేకుంటే గిట్లనే అయితది,” అంటూ మిగిలిన పెరుగు చిలికి గ్లాసుతో పట్టించింది. డ్రైవరు బస్సుని దారి మళ్ళించి, కాలనీ లోపలికి, బాబాయి గుమ్మం దాకా తెచ్చాడు. బస్సులో ఒక్కరూ గొణగలేదు. బాబాయి మీకు ఇదంతా రాశాడా? రాసుండడు.

వారం రోజులు బాబాయి నన్ను గడప దాటనివ్వలేదు. పిన్ని పోట్లాడి పంపించింది. ఆ పొద్దున పరిగెత్తి బస్సెక్కేసరికి మనుషులు నిలబడి ఉన్నారు. అలవాటుగా ఎడమవైపు వెళ్ళాను. నా చోట నరసమ్మ కూర్చుని ఉంది, ఎండలో. కుడివైపు ఆవిడ సీటు ఖాళీగా ఉంది. చుట్టూ అంతమంది నిలబడ్డారు గాని ఎవరూ కూర్చోలేదు.

“బైఠో బేటీ, వారం సంది ఖాళీగనే తీస్కపోతున్నం,” అన్నాడు కండక్టరు.

నేను వద్దన్నాను. నరసమ్మ ఊరుకోలేదు. “నాకు ఎండ కొత్తనా? ఇన్ని దినాల సంది వస్తున్నవ్, నీకింక సీటు గాలేదా? కూసో,” అంది.

కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మీరే గుర్తొచ్చారు నాన్నా. ఇంటర్ చదివేప్పుడు కాలవగట్టు మీద తుమ్మచెట్ల నీడ సన్నగా, ఒక్క మనిషికే సరిపోయేట్టు పడేది. మీరు సైకిలు నడిపించుకుంటూ ఎండలో నడిచేవారు, నన్ను నీడలో నడిపించేవారు. తడిగడ్డి వాసన, నీళ్ళ మీంచి వచ్చే గాలి, మీ సైకిలు చైను చప్పుడు. మన ఊరు తలుచుకోకుండా నాకు ఒక్క పూటా గడవదు. జొన్నరొట్టె అలవాటైంది గాని గోంగూర అనుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఇక్కడ నాకు బెంగ లేదంటే అబద్ధమే. అయినా ఉండాలని ఉంది.

అమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు నాకో జాడీ వేరే తీసి ఉంచమనండి. నాయనమ్మకి నా దణ్ణాలు చెప్పండి. తమ్ముణ్ణి ఒక మొట్టికాయ వేసి ముద్దు పెట్టుకోండి. అన్నం తినకుండా బస్సెక్కనని పిన్ని నా చేత ఒట్టు వేయించుకుంది, అది కూడా అమ్మకి చెప్పండి.

మీరు రమ్మంటే వస్తాను, ఎదురు చెప్పను. కాని ముందు మీరొకసారి ఇక్కడికి రండి. ఒక్కరోజు నాతో బస్సెక్కండి. రుమాలు వెయ్యక్కర్లేదు, నా సీట్లో మిమ్మల్ని కూర్చోబెట్టి నేను ఎండవైపు నరసమ్మ పక్కన కూర్చుంటాను. అప్పటికీ మీ మనసు మారకపోతే, ఈ పిల్ల ఇంక రాదు, ఆ సీటు నువ్వే తీసుకోమని ఆవిడకి మీ నోటితో మీరే చెప్పండి. నేను చెప్పలేను.

మీ దీవెన కోసం చూసే మీ కూతురు,
సరోజ