చెల్లి కళ్ళమీది తడిగుడ్డ

నాన్నగారూ,

ఈరోజుతో మీరు పోయి ఏడాది. చర్చి గుడిలో మీ జ్ఞాపకార్థం ప్రార్థన జరుగుతోంది. అమ్మ వెళ్ళింది. నేను వెళ్ళలేదు. చెల్లికి మళ్ళీ కళ్ళకలక వచ్చింది.

నిన్న ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మగారు చుక్కల మందు వేసి, ఐసునీళ్ళలో తడిపిన గుడ్డను మూసిన కళ్ళమీద వేస్తూ ఉండమన్నారు. అమ్మ భయపడుతూనే అడిగింది.

"నందివర్ధనం పువ్వులు తడిపి పెట్టినా తప్పు కాదాండీ?"

"గుడ్డయితే శుభ్రమమ్మా. చలవతో రోగం పోదు గానీ మంట తగ్గుతుంది. పిల్లకి అది చాలదూ?"

అమ్మ నా వైపు చూడలేదు. నాలుగేళ్ళ క్రితం కైకలూరులో అమ్మ పెట్టిన ఆ పువ్వుల్నే మీరు చెల్లి కళ్ళమీది నుంచి తీసి పెరట్లోకి విసిరేశారు.

"విగ్రహాలకి వేసే పువ్వులు, దేవుని వాక్యం చెప్పే ఉపదేశి ఇంట్లోనా?"

"మంటకి ఓర్చుకోలేకపోతోందండీ. ఉత్త తడిగుడ్డయినా వెయ్యనివ్వండి."

"విశ్వాసం ఉంటే ఓర్చుకుంటుంది."

విశ్వాసమంటే ఏమిటో తెలియని అయిదేళ్ళ పిల్ల మూడు రోజులు ఏడ్చింది. తరవాత కళ్ళు వాటంతటవే నయమయ్యాయి. అది మీ ప్రార్థన ఫలమని మీరు గుడిలో సాక్ష్యం చెప్పారు. నేను తలవంచుకుని ఆమెన్ అన్నాను. అందుకు మిమ్మల్ని క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు.

రైలు స్టేషను నుంచి ఊకలో పెట్టి తెచ్చిన ఐసు గిన్నెలో కరుగుతోంది. చెల్లి ఏడవడం లేదు. గుడ్డ వెచ్చబడగానే "అక్కా, మార్చవా" అంటోంది. మారుస్తున్నాను. ఆనాడు మీరు చేయవలసిందీ ఇంతే, నాన్నగారూ.