ఇంకో సెమిస్టర్ అంటోంది హారిక

జనవరి 4

నాకు కాలు నిలవదట! నిన్న ఫోన్‌లో హారిక అన్న మాట. "ఒకచోట కాలు నిలవనివాడివి, నన్ను మాత్రం చెప్పిన నెలకి వచ్చి వాలిపొమ్మంటావా?"

అవును, నిలవదు. ఇంటర్ సగంలో వదిలేసి తుని నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి ఢిల్లీ. మెకానిక్ షెడ్డు, కొరియర్, ఇప్పుడు టాక్సీ. ఒప్పుకుంటా. కానీ సెప్టెంబర్‌లో తను జపాన్ విమానం ఎక్కినప్పట్నుంచి ఎక్కడికైనా కదిలానా? ఢిల్లీలో అదే జియా సరాయ్, అదే గది, అదే తెలుగు ఆంటీ మెస్సు, అందులో మేమిద్దరం కూర్చునే అదే మూల బెంచీ. గుర్‌గావ్‌లో ఎండ వచ్చే గది దొరికినా పోలేదు. తను వచ్చేసరికి అన్నీ ఉన్నచోటే ఉండాలని...

ఇది మాత్రం చెప్పలేదు. "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశా.

జనవరి 5

ఒక్క సెమిస్టరే అంది వెళ్ళేటప్పుడు. అక్కడో ఇంట్లో ఉండి, వాళ్ళ తిండి తిని, వాళ్ళ భాష, పద్ధతులు చదువుకుని ఫిబ్రవరిలో రావాలి. ఇప్పుడేమో ఇంకో సెమిస్టర్ ఉండమంటున్నారట అక్కడి కాలేజీవాళ్ళు. ఉంటే ఆగస్టే ఇక. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పేయాలట.

ఇవాళ సోమవారం. పొగమంచు. ముందు బండి కనపడటం లేదు, వెనక బండి హారన్ ఆపటం లేదు.

జనవరి 6

ఎయిర్‌పోర్టు నుంచి ఓ జపాన్ పెద్దాయన. గుర్‌గావ్ ట్రిప్పు. ఇలాంటివాళ్ళు దొరికితే నాకు నోరు ఊరుకోదు. సామాను పెట్టి, సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి అడిగా... ప్రయాణం బాగా సాగిందా, చలిగా ఉందా అని, వాళ్ళ భాషలోనే.

ఆయన నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వు. "నువ్వు అచ్చం అమ్మాయిలా మాట్లాడుతున్నావు" అన్నాడు ఇంగ్లీషులో.

మాట్లాడనూ మరి? నేర్చుకున్నది ఎవరి దగ్గర? హారికని జపనీస్ క్లాసుకి దింపే దారంతా అదే పని. పాఠంలో రెండో మనిషి కావాలి కదా, ఆ రెండో మనిషిని నేను. తను ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీశా, ఎక్కడ మెత్తగా అంటే అక్కడ మెత్తగా అన్నా. వాళ్ళలో మగవాళ్ళ తీరు వేరని నాకేం తెలుసు! ఎర్ర లైటు దగ్గర పక్క ఆటోవాడు మా ఇద్దర్నీ చూసి తల కొట్టుకునేవాడు.

పెద్దాయన అడిగాడు, "ఎవరు నేర్పారు? భార్యా?"

"అవును" అన్నా.

ఆయన దిగేదాకా ఆ అబద్ధం బండిలోనే కూర్చుంది. పక్క సీట్లో. దింపబుద్ధి కాలేదు.

జనవరి 7

నేహా వచ్చింది. హారిక క్లాస్‌మేట్, జనక్‌పురి అమ్మాయి, ఇద్దరూ కలిసే వెళ్ళారు. అక్క పెళ్ళికని వారం సెలవు పెట్టి వచ్చిందట. కారు నాదే పిలవమని హారిక చెప్పిందట. తను ఎలా ఉందని అడుగుదామనుకున్నా. ఒళ్ళు చేసిందా, చిక్కిందా... అడగలేదు. వెనక సీట్లో వాళ్ళ నాన్నగారు కూడా ఉన్నారు.

దిగేటప్పుడు ఓ పెట్టె చేతిలో పెట్టింది. "హారికా నే భేజా హై భయ్యా. మెస్ మే సబ్ కే లియే." హారిక పంపిందట, మెస్సులో అందరికీ.

మెస్సులో విప్పాం. రంగు కాయితం, దాని కింద తెల్ల కాయితం, దాని కింద డబ్బా, అందులో ఒక్కో బిళ్ళ మళ్ళీ ఒక్కో కవర్లో. ఆంటీ ఒకటి కొరికింది. "ఒరే శీనూ, ఇది మన బూరెలో పూర్ణమేరా! ఇంత ముక్కకి ఇన్ని చీరలా?" వంట మాస్టారు రెండు తిన్నాడు. మూడోది జేబులో వేసుకున్నాడు.

నా వంతు బిళ్ళ కవర్ విప్పకుండా బల్ల మీదే పెట్టేశా.

ఇది తిరిగొచ్చే మనిషి తెచ్చే తీపి. జపాన్‌వాళ్ళలో ఎవరైనా వేరే ఊరు వెళ్తే, వచ్చేటప్పుడు ఆ ఊరి మిఠాయి అందరికీ తలా ఒకటి తేవాలట. ఒట్టి చేతులతో రాకూడదట. ఆ మూల బెంచీ మీద కూర్చుని హారికే చెప్పింది, సాంబారులో ఇడ్లీ నలుపుతూ. "ఫిబ్రవరిలో పెట్టె పట్టుకుని ఇక్కడికే వచ్చి దిగుతా, చూడు."

పెట్టె దిగింది. మనిషి ఏది? వచ్చే మనిషైతే ఇంకొకరి చేత పంపుతుందా?

జనవరి 8

హారికకి ఫోన్ చేసి అడిగేశా. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో, టీ చల్లారిపోతుంటే.

"పెట్టె పంపావంటే ఇక రావనేగా?"

అటునుంచి ముందు నవ్వు. నవ్వు అయ్యాక కోపం. "నువ్వు జపాన్‌వాళ్ళని మించిపోయావు శీనూ! స్వీట్లు పంపవే అని ఆంటీ అడిగింది. నేహా వస్తోంది. పంపా. దానికింత పురాణమా?"

పోయిన ప్రాణం కాస్త లేచొచ్చింది. ఊరుకోవచ్చుగా... ఊరుకోలేదు. "అయితే వస్తావా?"

దూరంగా రైలు గేటు గంట, అక్కడిది.

"నిన్న భోజనాల దగ్గర ఈ ఇంటావిడ ఏదో జోకేసింది. ఎవరూ విడమర్చి చెప్పకుండానే నవ్వొచ్చింది నాకు. వాళ్ళందరితో పాటే, ఒకేసారి. నాలుగు నెలలు నవ్వులన్నీ అయిపోయాక నవ్వానురా. ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇప్పుడు వదిలేస్తే..."

ఆపేసింది. ముక్కు చీదింది. జలుబేమో.

"రమ్మంటే వచ్చేస్తా శీనూ. నిజంగా. కానీ నోరు తెరిచి రమ్మను. ఉండమంటే ఉండమను. నీ ఇష్టం, నీ ఇష్టం అని నా నెత్తిన పెట్టకు."

"ప్యాసింజర్ వచ్చాడు" అన్నా.

ఎవరూ రాలేదు.

జనవరి 9

శుక్రవారం. పొద్దున్నే మంచం మీద కూర్చునే ఉన్నా. స్నానం లేదు.

ఇప్పుడిప్పుడే వస్తోంది అంది. ఆ మాట దగ్గరే ఆగిపోయా. నాకూ లెక్కలు అప్పుడప్పుడే అర్థమవుతున్నాయి, ఇంటర్‌లో. సంచీ సర్దుకుంటుంటే ఉండరా అన్నవాడు ఒక్కడు లేడు. అంటే ఉండేవాణ్ణా? ఏమో. కాలు నిలవనివాణ్ణి. కానీ ఎవరైనా అనుంటే బావుండేది.

కాబట్టి నేను చెప్పాల్సింది ఉండమనే. తెలుసు. అద్దం ముందు చెప్పి చూసుకున్నా. ఉండు హారికా. ఉండు. బానే వచ్చింది నోటికి.

మరి ఆగస్టు దాకా? ఈ చలి పోవాలి, ఎండలు రావాలి, వడగాలి కొట్టాలి, వాన పడాలి. అప్పటికి తను ఏ భాషలో నవ్వుతుందో... అన్నీ ఉన్నచోటే ఉంచుతూ నేను ఇక్కడే ఉండాలి. మూల బెంచీ మీద ఎవర్నీ కూర్చోనివ్వకుండా.

జనవరి 9, మళ్ళీ

కరోల్ బాగ్. ఎయిర్‌పోర్టు ట్రిప్పు, కుటుంబం ఇంకా కిందికి దిగలేదు. హారిక అక్కడి కాలేజీ ఆఫీసులో ఉందట, కాయితం చేతిలో పట్టుకుని. "ఇంకాసేపట్లో మూసేస్తారు, చెప్పు" అని మెసేజ్.

ఉండు అని టైప్ చేయబోయా. వేలు రా కొట్టింది. ఒక్క అక్షరం. రా.

పంపలేదు. చెరపలేదు కూడా. అలా చూస్తున్నా.

మెట్ల మీద సూట్‌కేసుల చప్పుడు. ఒకటి, ఇంకోటి, పిల్లలు... "భయ్యా, డిక్కీ ఖోలో!" అంటున్నారు. తను టైప్ చేస్తున్నట్టు చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి. వస్తున్నాయి.

వెళ్ళాలి.