అందరూ “లేదు” అనే శిబిరం

నర్సీపట్నం,
ఆదివారం.

అక్కయ్యకు,

తమ్ముడు రాఘవ నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో రాయి. నా గురించి బెంగపడకు, వేళకు భోజనం పెడుతున్నారు. ఇక్కడ పులుసులో బెల్లం వేస్తారు, నాకు సయించదు. ఎవరైనా ఇటు వస్తే గోంగూర పచ్చడి పంపు.

ఉద్యోగం మాత్రం రోత పుట్టిస్తోంది. నల్లమందు అలవాటు మాన్పించే శిబిరంలో కాంపౌండరుగా చేరానని రాశానుగా. ఎవరో దాతలు జీడిపిక్కల గోడౌను అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. పొద్దున్నే రోగులను వరసలో నిలబెడతారు. వెనకాలే పెళ్లాలు, అల్లుళ్లు, వియ్యంకులు. అందరి ముందూ డాక్టరు అడుగుతాడు: “నిన్న తిన్నావా?” తిన్నానంటే పేరు కొట్టేస్తారు. పైగా అల్లుడి ఎదుట ఏ మామ ఒప్పుకుంటాడు? అందరూ “నేదు బాబూ” అంటారు. డాక్టరు కార్డులో “లేదు” అని రాసి, నల్లమందుకు బదులు తాగించే మందునీళ్లు తగ్గించేస్తాడు. దాతలకేమో అందరూ మానేశారని రిపోర్టు! జ్వరమన్నవాడిని తంతామని బెదిరించి, ఊళ్లో జ్వరాలే లేవని చాటుకోవడం కాదూ ఇది?

అప్పలకొండ అని చెరకుబండి తోలే మనిషి, నా ఈడువాడే. మందునీళ్లు తగ్గేసరికి కాళ్లు పీకి, విరేచనాలు పట్టి సగమైపోయాడు. మొన్న పెరట్లోకి తీసుకెళ్లి ఒంటరిగా అడిగాను.

“ఏటి సెప్పమంటారు బాబూ? పొద్దున్న సెనగబద్దంత, రేతిరి ఇంకోటి. మీ నీల్లు సాల్లేదు మరి.”

“మొదట్లో ఎంత తినేవాడివి?”

“కుంకుడు గింజంత! మా అల్లుడికి సెప్పకండి. అసలే ఆడు నన్ను సూసి నవ్వుతాడు.”

చూశావా, మనిషి నిజంగానే తగ్గించుకుంటున్నాడు! ఎంత తింటున్నాడో తెలిస్తే కదా ఎంత మందు పోయాలో తేలేది? ఇంత తగ్గించాడని వింటే కనికరిస్తాడనుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, ఉన్నది చెప్పమన్నాను. చెప్పాడు. అక్కడికక్కడే పేరు కొట్టేశాడు ఆ మహానుభావుడు!

అప్పలకొండ గేటు దగ్గర కూలబడ్డాడు. “నిజం సెప్పమన్నారు, సెప్పాను. ఇపుడెక్కడికెల్లమంటారు బాబూ?”

మళ్లీ లోపలికి వెళ్లాను. “శిక్ష చేతిలో పట్టుకుని అడిగితే నిజం ఎవడు చెప్తాడండీ? మూత్రం పరీక్షకు పంపుదామంటే ఖర్చంటారు, చాటుగా అడుగుదామంటే తీరిక లేదంటారు. మీకు కావలసింది రోగి బాగుపడటమా, దాతల చప్పట్లా?” అని అరిచాను.

“రాఘవగారూ, ఉపన్యాసాలు బజార్లో ఇచ్చుకోండి” అన్నాడు. నేను కదల్లేదు. చివరకు విసుగెత్తి, “సరే, రమ్మనండి. మందు మీకు తోచినంత పొయ్యండి. కార్డులో మాత్రం ‘లేదు’ అనే ఉండాలి, అదీ మీ చేత్తో” అన్నాడు.

రాశాను అక్కయ్యా. ఆ వరసలో నిజం చెప్పినవాడు ఒక్కడు, వాడి కార్డు మీద అబద్ధం నా దస్తూరీతో ఉంది. అప్పలకొండ ఇప్పుడు నిద్రపోతున్నాడు, అన్నం తింటున్నాడు. నాకే ముద్ద దిగడం లేదు.

ఉద్యోగం మానేసి వచ్చెయ్యమంటావు. నేను వస్తే అతనికి మందు పోసే దిక్కుండదు. బావగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. చల్లగా ఉండమని మాత్రం దీవించకు. ఈ మనుషుల మధ్య నా నోరు మూతపడకూడదని దీవించు.

నీ తమ్ముడు,
రాఘవ