ఎడమ అడుగు

మార్చి తొమ్మిది, ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకు,

ఈ రోజు మొదటి వింత నా బూట్లు. నిన్న సాయంత్రం వానలో ముద్దగా తడిసిపోతే, మంచం కింద అలాగే పడేసి నిద్రపోయాను. పొద్దున ఐదింటికి లేచి చూద్దును గదా, కిటికీ గట్టు మీద రెండూ బుద్ధిగా పక్కపక్కన కూర్చుని ఉన్నాయి, లోపల పాత పేపరు ఉండలతో. చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉన్నాయి. ఎవరు చేశారో అడగక్కర్లేదు. అవతలి మంచం మీద నా గదిలో ఉండే పిల్ల, మేమంతా చెవులు అని పిలిచేది, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె బూట్లు మాత్రం నేల మీద, ఇంకా తడిగానే ఉన్నాయి. పేపరు నా వాటికే సరిపోయిందట.

నమస్కారాలమ్మా. నేనిక్కడ బాగున్నాను, కాలు నాకంటే బాగుంది. నువ్వెలా ఉన్నావో, నీ ముంజేతి మీద బొబ్బలు ఎలా ఉన్నాయో రాయి. ఆసుపత్రి లాండ్రీలో నిన్ను ఆ ఇస్త్రీ యంత్రం దగ్గర నుంచి దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికి మారుస్తామన్నారు కదా, మార్చారా, లేక ఇంకా వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారా? నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబు రాస్తాను. చివరిదానికి చివర్లోనే.

సాయంత్రాలు చీలమండ వాస్తోందా అని అడిగావు. పది రోజులుగా వాపు లేదు. డిసెంబరులో మెట్ల మీద జారి పడ్డప్పుడు నల్లగా ఉబ్బి, చెప్పులో పట్టక, కుర్చీ మీద ఎవరిదో కాలులా పడి ఉండేదే, అది ఇదేనా అని అప్పుడప్పుడు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను. ఫిజియో అక్క నన్ను రోజూ ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబెడుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా రెండు నిమిషాలు నిలబడగలను. అందుకే జట్టులో నాకు కొంగ అని పేరు పడింది. వరండాలో నేను అలా నిలబడి ఉంటే వచ్చేపోయే వాళ్ళందరూ "కొంగా, ఈ పూట చేపలేమైనా పడ్డాయా?" అని అడిగి పోతుంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత "మీలాంటి పరిగె పిల్లలే గాని పెద్ద చేపలెక్కడివి" అనడం నేర్చుకున్నాను.

తింటున్నావా అని అడిగావు. రెండోసారి వడ్డించుకోవడానికి సిగ్గుపడటం మానేశాను. మాస్టారు ఇంకా తిడుతున్నారా అని అడిగావు. పరుగు మాస్టారు ఇప్పుడు తిట్టడం లేదు, నవ్వుతున్నారు. తిట్లే నయం. తిట్టు తగిలి పోతుంది, ఆయన నవ్వు మాత్రం గదిదాకా వెంట వస్తుంది.

ఇక జట్టు సంగతి. కాలేజీలో సీటు ఎవరికైనా దొరుకుతుంది, హాస్టల్లో మంచమే దొరకదు, నీకు తెలిసిందే. రన్నింగ్ జట్టులోని ఆరుగురికి మాత్రం మంచం ఇస్తారు. నేను పడిపోగానే ఆరో చోటు చెవులుకి ఇచ్చారు. వార్డెన్ గారు దయతలచి, ఈ మార్చి పరుగు దాకా నన్ను కూడా ఉండనిచ్చారు. అలా ఒకే గదిలో ఇద్దరం, ఒకే చోటుకి. గదిలోకి వచ్చిన రోజే ఆమె అంది: "నేనేం లాక్కోలేదు కొంగా. నీ చోటులో ఎవరూ కూర్చోకుండా తువ్వాలు వేసి పెట్టినట్టు అనుకో." నేను నవ్వాను. తువ్వాలు వేసినవాళ్ళు తరవాత లేచి వెళ్ళిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆమెకి చెవులు అన్న పేరు నా వల్లే వచ్చింది. జనవరి ఆఖరులో నాకు మళ్ళీ పరిగెత్తడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఫిజియో అక్క ఒక షరతు పెట్టింది. "పరిగెత్తేవాళ్ళు నొప్పి గురించి నిజం చెప్పరు. నోరు దాచినా కాలు దాచదు. నొప్పి ఉన్న కాలు నేల మీద తక్కువసేపు ఉంటుంది, ఆ అడుగు పొట్టిగా వినిపిస్తుంది. ఎవరో ఒకరు వెనక పరిగెత్తుతూ వినాలి. వాళ్ళు ఆగమంటే ఆగాలి, మారు మాట ఉండకూడదు" అంది. జట్టులో ఎవరికి అంత తీరిక? చెవులు చెయ్యెత్తింది. ఆరు వారాలు రోజూ నా వెనకే, మూడు గజాల దూరంలో, తన పరుగు మానుకుని నా అడుగులు వింటూ పరిగెత్తింది. మొదటి వారంలోనే నాలుగుసార్లు "ఎడమ" అంది. నాలుగుసార్లూ నిజంగానే నొప్పి ఉంది. నాకంటే ముందు తనకే తెలిసేది.

ఇప్పుడు పొద్దుటి పరుగు. ఐదు కిలోమీటర్లు: కాలేజీ గేటు నుంచి గోడౌన్ల రోడ్డు, అక్కడి నుంచి ఫ్లైఓవర్ ఎక్కి దిగి, దుకాణాల వీధి మీదుగా మళ్ళీ గేటుకి. బయలుదేరే ముందు మాస్టారు మా ఇద్దరినీ పక్కకి పిలిచి, "మీ ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళది మంచం. రెండోవాళ్ళు రేపటికి గది ఖాళీ చెయ్యాలి. కౌగిలింతలేవైనా ఉంటే ఇప్పుడే కానివ్వండి" అని నవ్వారు. చెవులు నిజంగానే నన్ను కౌగిలించుకుంది.

మొదటి మూడు కిలోమీటర్లు బాగానే సాగాయి. ఆమె నా వెనకే ఉంది. అలవాటు కాబోలు, ముందుకి రాలేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నా ఊపిరి రంపంలా కోస్తుంటే, ఆమె ఊపిరి పడుకున్న మనిషి ఊపిరిలా వినిపించింది. వంతెన దిగిన చోట నీళ్ళ బల్ల ఉంది. అది దాటి రెండు వందల గజాలు వెళ్ళాక నా ఎడమ అడుగు పొట్టిగా పడింది.

"కొంగా, ఎడమ" అంది వెనక నుంచి.

నేను పరిగెత్తుతూనే ఉన్నాను.

"ఎడమ పొట్టిగా పడుతోందే. ఆగు. ఆగమంటే ఆగాలి."

ఆగాను. తాళం వేసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చోబెట్టి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు కిందికి లాగింది. మా పక్కనుంచి ఇద్దరు ముగ్గురు దాటి వెళ్ళిపోయారు.

"ఇక్కడా?"

"ఆ."

"కదిలావంటే చంపేస్తా. నీళ్ళ బల్ల దగ్గర ఐసు చూశాను, చిటికెలో తెస్తా" అని లేచి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది.

ఆమె జడ బల్ల దగ్గర గుంపులో కలిసిపోయేదాకా చూసి, మేజోడు పైకి లాక్కుని నేను లేచాను. మిగిలిన కిలోమీటరూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నా చోటు నాకు వచ్చింది.

ఆమె అందరికంటే చివర వచ్చింది. చేతిరుమాల్లో మూట కట్టిన ఐసు కారి మోచేతి దాకా తడి. నేను మెట్టు మీద కనబడకపోయేసరికి నన్నెవరో ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారనుకుని, పక్క దుకాణాల్లో అడుగుతూ తిరిగిందట. మాస్టారు చేతి గడియారం చూసుకుని, "పోటీలో వెనక్కి పరిగెత్తిన మనిషిని నా సర్వీసులో ఇవాళే చూశాను. దారి తెలియకపోతే అడగొచ్చుగా తల్లీ" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వచ్చి, అందరి ముందూ నా కాలు పట్టుకుని ఆ కాస్త ఐసూ చీలమండకి అదిమింది.

"నొప్పితో పరిగెత్తావా? తలకాయనేది ఉందా నీకు? కాలే పోతే ఆ మంచమేం చేసుకుంటావు, పడుకుంటావా?"

మాస్టారు నా తల మీద చెయ్యి వేసి జట్టుతో, "చూసి నేర్చుకోండి. పట్టుదల అంటే ఇదీ" అన్నారు. జట్టులో పెద్దదైన కెప్టెన్ అక్క, నన్ను ఇన్నాళ్ళూ చేపల గురించి అడిగిన మనిషే, "నిన్ను చూస్తే ఒళ్ళు జలదరించిందే" అంది. అప్పటి నుంచి హాస్టలంతా ఇదే కథ: కొంగ విరిగిన కాలితో గెలిచింది. భోజనాల దగ్గర నా కంచం ఎవరో కడిగి పెట్టారు.

అమ్మా, నువ్వు నిలబడి చదువుతుంటే కూర్చో.

నొప్పి లేదు. ఎడమ అడుగు నేనే పొట్టిగా వేశాను.

ఊపిరందక, భయం వేసి, అప్పటికప్పుడు తోచిన పని కాదది. నీకు అలా రాసి ఊరుకుందామని ఒక కాగితం నింపి చింపేశాను. రెండు వారాల కిందట ఒక మంగళవారం, ఊరికే, ఆమె నిజంగా వింటుందో లేదో చూద్దామని సాధనలో ఆరడుగులు పొట్టిగా వేశాను. నాలుగో అడుగుకే "ఎడమ" అంది. మళ్ళీ శుక్రవారం వేశాను, ఈసారి రోడ్డు పక్క లారీలు మోత పెడుతున్న చోట. అప్పుడూ నాలుగో అడుగుకే. ఆ రోజు సాయంత్రం ఆమె నా కాలికి పట్టీ చుడుతూ, "నాకు ఎప్పుడూ ఏదీ ఇంత బాగా రాలేదు తెలుసా, నీ కాలు వినడం తప్ప" అంది. ఆమె అలా అంటున్నప్పుడు నేను నీళ్ళ బల్ల ఎక్కడ వేస్తారో ఆలోచిస్తున్నాను. నిన్న వెళ్ళి చూసి కూడా వచ్చాను.

జాలి వేయలేదా అని అడుగుతావు. వేసింది. జాలి వేసినా అడుగు సరిగ్గానే పడింది. నేను తెలుసుకున్న కొత్త సంగతి అదే, ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

నువ్వు పోయిన ఉత్తరంలో "ఎలాగైనా ఆ చోటు నిలబెట్టుకో, ఎలాగైనా" అని రాసి, రెండో "ఎలాగైనా" కింద గీత గీశావు. ఆ గీత వల్లే చేశానని అనను. కానీ ఆ కాగితం మడిచి నిక్కరు జేబులో పెట్టుకునే పరిగెత్తాను. చెమటకి అక్షరాలు అలుక్కుపోయాయి, గీత మాత్రం అలాగే ఉంది. నీకు చెప్పకుండా ఉంటే నువ్వు సుఖంగా ఉండేదానివి. ఒక్కదాన్నే మోయడం ఇష్టం లేక చెబుతున్నాను.

నీ చివరి ప్రశ్న, "నీ బకెట్టు మోసిన ఆ పిల్ల ఎలా ఉంది?" అని. నా కాలు బాగులేని రోజుల్లో నా స్నానం నీళ్ళు మోసిన ఆ పిల్ల ఈ చెవులే. ఇందాక వార్డెన్ గారి గదిలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. తలుపు తీసే ఉంది కాబట్టి నాకు వినబడింది. "అవునన్నయ్యా, వచ్చేస్తున్నా. లేదు, ఏడవడం లేదు, జలుబు. వదినకి చెప్పు, పిల్లల్ని నేను చూసుకుంటాలే. చదువా? చూద్దాం." గదిలోకి వచ్చి పెట్టె తీసి, బట్టలు మడతపెడుతూ, "మా వదిన పిల్లలు ముగ్గురూ పరిగెత్తడమే గాని నడవరు. నాకు తిరుగులేని సాధన" అని నవ్వింది. నవ్వాల్సిన చోట నేనూ నవ్వాను.

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి మంచినీళ్ళు అడిగాను. రెండోసారి కిటికీ వెయ్యమన్నాను. రెండూ చేసింది. చెబితే ఆమె మాస్టారి దగ్గరికి వెళ్ళకపోవచ్చు, అది నాకు తెలుసు. అయినా వెళ్తే? చెప్పలేను అని ఇక్కడ రాసి కొట్టేశాను. చెప్పను అన్నదే సరైన మాట.

ఆమె రేపు పొద్దున ఆరింటి బస్సుకి పోవాలి. ఇప్పుడే వచ్చి మధ్యాహ్నం బస్సుకి మార్చుకున్నానంది. ఎందుకంటే, నాకు చెప్పకుండా ఫిజియో అక్క దగ్గరికి వెళ్ళి, రేపు ఎనిమిదింటికి నా కాలు చూసేలా మాట్లాడి వచ్చింది. "నువ్వు అక్కతో బాగానే ఉందని కోతలు కోస్తావు. నేను పక్కనుంటేనే నయం. ఎక్కడ మొదలైందో, ఎన్నో అడుగు నుంచి తేడా వచ్చిందో నేనే చెబుతా. ఆ ఒక్క పనీ చేసి వెళ్తా" అంది.

ఫిజియో అక్క వేళ్ళకి అన్నీ తెలిసిపోతాయి. నొక్కిన చోటల్లా మూలిగితే పట్టేస్తుంది. అందుకని డిసెంబరులో నొప్పి సరిగ్గా ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను: బయటి ఎముక కింద, వేలెడు ముందుకి. అక్కడ నొక్కినప్పుడే కాలు లాక్కోవాలి, మిగతా చోట్ల ఊరుకోవాలి. క్లినిక్కు ఇక్కడికి పావుగంట నడక. రేపు ఏడున్నరకి బయలుదేరతాం. ఆమె నా వెనకే, మూడు గజాల దూరంలో, వింటూ నడుస్తుంది. గుమ్మం దాటిన మొదటి అడుగు నుంచే ఎడమకాలు పొట్టిగా వెయ్యాలి.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు