గొర్రె తలకాయలో కొక్కేలు

తాండూరు

అన్న మల్లయ్యకు, తమ్ముడు సాయన్న నీ కాళ్లు మొక్కి రాస్తున్నాను. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, అమ్మ ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా గురించి దిగులు పడవద్దు.

పశువుల దవాఖానలో పని కుదిరి రెండు నెలలు దాటింది. పశువులను పట్టుకోవడం, సీసాలు కడగడం నా పని. ఎండలు ముదిరాయి. బండలు కోసే చోటి నుండి దుమ్ము వచ్చి తిండిలో పడుతుంది. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను, ఇంకా గుండ్రంగా రావడం లేదు. సాయంత్రమైతే మన మంద గుర్తొచ్చి మనసు మన ఊరికే పోతుంది.

అసలు సంగతి విను. పోయిన వారం కన్నడం మాట్లాడే ముసలి కాపరి ఒకాయన గొర్రెను భుజాన మోసుకొచ్చాడు. దింపగానే అది ఒక్కచోటే గిర్రున తిరిగింది, చచ్చే ముందు మన గొర్రెలు తిరిగినట్టే. డాక్టరు దాని పుర్రె తడిమి, మెత్తబడిన చోట కోసి, నిమ్మకాయంత నీటితిత్తిని బయటికి తీశాడు. దాని లోపల తెల్లని నలుసులు. ఒకదాన్ని పెద్దగా చేసి చూపే అద్దం కింద పెట్టి నన్ను పిలిచాడు.

"గిటు రా సాయన్నా. ఏం గనవడ్తున్నది?"

"కొక్కేలు సారూ! చుట్టూత వరుసగ ఉన్నయి, చేపల గాలం లెక్క."

"గవే. గీ తలకాయ కుక్క తింటే, నలుసు దాని పేగుకు కొక్కేలు తగిలిచ్చి పట్టుకుంటది. బద్దెపురుగై పెరుగుతది. కుక్క పెంటల గుడ్లు వడ్తయి. గా గుడ్లు వడ్డ గడ్డి మేస్తే గొర్రె మెదడుకు పురుగెక్కుతది."

చచ్చిన గొర్రెల తలకాయలు పగలగొట్టి మన కుక్కలకు వేసింది నేనే కదన్నా. పైగా వదిన కాలు పెట్టినాకే మందకు చావొచ్చిందని మొదట అన్నదీ నేనే. ఆ మాట పట్టుకొనే అమ్మ ఆమెను మంద దగ్గరికి రానివ్వడం మానేసింది. వదిన ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

ఇక భయం లేదు. తలకాయలను కుక్కలకు అందకుండా లోతుగా పాతిపెట్టు. కుక్కలకు డాక్టరిచ్చిన మందు పొట్లం మన బాలయ్య మామ చేతికిచ్చి పంపుతున్నాను. మందు వేసిన రోజు కుక్కలను కట్టేసి, వాటి పెంట కాల్చెయ్యి. ముసలాయన గొర్రె నాలుగో రోజు లేచి తిన్నగా నడిచి గడ్డి మేసింది. "బతికిందప్పా, బతికింది!" అని ఆయన నా చేతులు పట్టుకొని ఏడ్చాడు. మనకు మిగిలినవి కూడా నిలుస్తాయని నా నమ్మకం.

పంతులు ఈ జాబు చదివేటప్పుడు అమ్మనూ వదిననూ ఎదురుగా కూర్చోబెట్టు. వదినా, తప్పు నాది. నీ అడుగులో ఏ కీడూ లేదు. నన్ను మన్నించు.

అమ్మకు, ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. మీ దీవెన నా మీద ఉండనివ్వండి. అన్నా, ఈ జాబు అందిన మర్నాడు పొద్దున మందను విప్పేటప్పుడు ముందు వదిననే నడవనివ్వు.

నీ తమ్ముడు
సాయన్న