అత్తమ్మ కొంగులో బాదంపప్పులు

రిషి డాడీ, సాంచెల మీద మగ్గం పని అయిపోయి ఇంటికి రాగానే మూతపెట్టిన గ్లాసు చూడు. బాదం, పల్లీలు మెత్తగా రుబ్బి పాలల్లో కలిపాను. అత్తమ్మకు తాగించి, గుండె మాత్ర వేయి. రోజూ గుప్పెడు గింజలు తింటే చెడు కొవ్వు తగ్గుతుందని, రక్తనాళాలకు మంచిదని, మాత్రలు మాత్రం మానొద్దని డాక్టర్ చెప్పాడు కదా.

"మా అమ్మకు బాదం పెడ్తున్నవా, నువ్వే తింటున్నవా?" అని మొన్న అరిచావు. నాకు ఏడుపొచ్చింది. నిన్న అత్తమ్మ చీర ఉతకబోతే కొంగు ముడిలోంచి బాదంపప్పులు రాలాయి.

"ఏందత్తమ్మ గిది?" అన్నాను.

ఆమె తల దించుకుంది. "దవడపండ్లు ఊడినయి బిడ్డా, ఎట్ల నమల్తా? వద్దంటే కొడుకు బాధపడ్తడని దాసిన."

వెంటనే కొన్ని మిక్సీలో వేసి పాలల్లో కలిపి ఇచ్చాను. చుక్క మిగల్చకుండా తాగి, "రేపు గూడ చేస్తవా?" అని అడిగింది. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె రేపటి మాట ఎత్తడం ఇదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది.

లింబాయత్ వైపు వెళ్ళే ఆటో వచ్చింది, పనికి వెళ్తున్నాను.

పళ్ళు ఊడిన సంగతి నీకు తెలిసినట్టు బయటపడకు, సిగ్గుపడుతుంది. కట్టుడు పళ్ళకు నేనే మెల్లగా ఒప్పిస్తాను.